కఱవు పనులు – కూలివాని రక్షణము

 

మన వార్షిక సంచికలయందు కులపురాణములును, వృత్తిప్రశంసలును, దాతల చరిత్రములును ప్రకటింపబడుట వాడుక. ఆ వాడుకను మేము కాదనము. అయినను వంశచరిత్రము వలెనే ఆకలి చరిత్రము గూడ మనదే. మగ్గము నిలిచిపోయిన దినమున మన పూర్వులు ఎచ్చటికి బోయిరి? ఏ పనిచేసి ప్రాణములు నిలుపుకొనిరి? ఆ పనిలో గాయపడిన వారిని ఎవరు చూచిరి? ఈ ప్రశ్నలను మనస్సునందుంచుకొని ఈ చిన్న వ్యాసమును సంఘీయుల యెదుట బెట్టుచున్నాము.

పనిలేని వానికి పని కల్పించుట పుణ్యమని లోకము చెప్పును. నిజమే. అయితే పనిచేసిననే కూడు, లేకున్న లేదు అని విధించి చేయించు పని తక్కిన కూలిపనుల వంటిది కాదు. సామాన్యపు కూలివాడు యజమాని చెడ్డవాడైనచో తట్ట దించి మఱియొకచోటికి బోవును. ఆకలిచే తఱుమబడి వచ్చినవానికి ఆ త్రోవ మూయబడియుండును. గట్టు కూలునట్లున్నను, నీరు చెడినదైనను, ఎండ దుస్సహమైనను వాడు చేయనని చెప్పజాలడు. కావున కాదనలేని వానిచేత పనిచేయించువారు వాని ప్రాణమునకు తక్కిన యజమానులకంటె ఎక్కువ పూచీ వహింపవలయుననుట న్యాయము. చరిత్రమున మాత్రము చిరకాలము దీనికి విపరీతముగనే నడచినది. అది యెట్లు నడచెనో, ఎట్లు మాఱెనో క్రమముగ జెప్పెదము.

పని పరీక్షగా మాఱుట

ఈ పద్ధతికి మూలము ఇంగ్లండు దేశమున గలదు. 1834వ సంవత్సరమున అచ్చటి పార్లమెంటువారు బీదల చట్టమును మార్చి, ఒడలిలో సత్తువగల బీదవాడు సహాయము గోరినచో ‘వర్కుహౌసు’ అను పనియింట జేరి, అచ్చట నియమించిన పని చేయవలయునని విధించిరి. ఆ యింటిలోని బ్రదుకు, బయటి కడుబీద కూలివాని బ్రదుకుకంటె హీనముగ నుండవలయుననుట వారు పెట్టుకొన్న సూత్రము. సుఖముగ నున్నచో సోమరులు జేరుదురని వారి భయము.

ఈ సూత్రము ఎంతవఱకు బోయెనో 1845లో ఆండోవరు అను ఊరి పనియింట బయల్పడెను. ఎరువుకొఱకు ఎముకలు నలుగగొట్టు పనియందు నియమింపబడినవారు ఆకలికి తాళలేక ఆ ఎముకలలోని మూలుగను, వానికంటియున్న కుళ్లిన మాంసమును తినుచుండిరని తెలిసి దేశమెల్ల నివ్వెఱపోయెను. పార్లమెంటు విచారణ జరిగెను. 1847లో ఆ బీదల కమీషను రద్దయి, పార్లమెంటునకు జవాబుదారియగు బోర్డొకటి దాని స్థానమున నేర్పడెను. సంగతి బయటబడి, అడుగువారు పుట్టిన తరువాతనే మార్పు వచ్చెనని చదువరులు గమనింతురు గాక. ఈ క్రమమునే మన దేశమునందును చూడగలము.

ధాత కఱవు

ఆంధ్రదేశమునకు కఱవు క్రొత్తది కాదు. 1832–33లో నందన నామ సంవత్సరమున గుంటూరు సీమయందు వచ్చిన కఱవులో సుమారు 5 లక్షల జనులుండగా లక్షన్నరకు తక్కువగాకుండ నశించిరి. అయితే పనిచేయించి పోషించు పద్ధతి మన సీమలలో బహు విస్తారముగ నడచినది 1876–78 నాటి మహాక్షామమునందు. ధాత నామ సంవత్సరమున ఆరంభమైనందున పెద్దలు దానిని ధాత కఱవనిరి. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు దీనివలన ఘోరముగ దెబ్బతినెను. హైదరాబాదు, మైసూరు సంస్థానములును, బొంబాయి రాజధానిలోని దక్కను భాగమును దీని పాలబడెను. ఈ కఱవులో మడిసిన వారి సంఖ్య అరకోటికి మించినదని చరిత్రకారులు చెప్పుదురు.

నాటి మద్రాసు గవర్నరు బకింగుహాము ప్రభువు. వైస్రాయి లిట్టను ప్రభువు. ఖర్చు మితిమీఱుచున్నదని తలచి లిట్టను 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపులును పరీక్షాధికారిగా దక్షిణమునకు బంపెను. ఈ టెంపులే మూడేండ్లకు ముందు బీహారు కఱవులో బర్మానుండి విస్తారముగ బియ్యము దెప్పించి, చావులను మిక్కిలి తగ్గించినవాడు. అందులకు మెప్పు రాకపోగా, ధనము దుబారా చేసెనన్న నింద వచ్చెను. ఆ నిందను బాపుకొనుటకో యన్నట్లు దక్షిణమున ఆయన బిగువు చేపట్టెను. ఒకసారి ప్రాణములు కాపాడినందులకు మందలింపబడినవాడు రెండవసారి డబ్బు కాపాడబూనుట మన మెఱుగవలసిన విషయము. అధికారి దయయొక్కటే ఆధారమైనచో ఆ దయ ఎప్పుడు తరుగునో ఎవరును చెప్పజాలరు.

నాటి పద్ధతిలో పనికి వచ్చువాడు నిజముగ దిక్కులేనివాడా కాడా యని తేల్చుటకు మూడు పరీక్షలు గలవు. మొదటిది దూరము: ఇంటికి చేరువనుండు పని యియ్యక, పది మైళ్లకావలనుండు పెద్ద పనుల యొద్ద మకాము వేయించుట. రెండవది శ్రమ: మట్టి త్రవ్వుట, తట్టలు మోయుట, కంకర కొట్టుట. మూడవది కూలి: బ్రదుకుటకు మాత్రము చాలునంత. ఈ మూడును ఒకే దేహముపై ఒకేసారి పడినప్పుడు ఏమగునో ఆలోచింపుడు. నెలల తరబడి సగము కడుపుతో నున్నవాడు మైళ్ల కొలది నడచి వచ్చి, ఇల్లు విడిచి, బయట పండుకొని, వేలమంది త్రాగు గుంటనీరే త్రాగి, మఱునాడు గడ్డపార పట్టవలయును. 1877లో దేశమంతట విషూచి చెలరేగినప్పుడు జనము గుమిగూడిన మకాములు దానికి ఆటపట్టులయ్యెను. బలవంతుని గుర్తించుటకు పెట్టిన పరీక్ష బలహీనుని చంపుట కుపకరించెను.

చెన్నపట్టణమున అడయారు, కూవము నదులను గలుపు కాలువ భాగము 1877–78లో కఱవు కూలీలచే త్రవ్వింపబడినది. గవర్నరు పేరిట అది బకింగుహాము కాలువయని ప్రసిద్ధికెక్కినది. మన తీరమువఱకు సాగివచ్చు ఆ జలమార్గమున పడవలు నడచిన దినములు మన పెద్దలకు దెలియును. ప్రభువు పేరు కాలువకు నిలిచినది. తట్టలు మోసినవారి పేళ్లు ఎచ్చటను లేవు.

పౌను ధాన్యము

టెంపులు నిర్ణయించిన కూలి, పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము వెలయు, దానిపై స్వల్పమైన చిల్లరయును. స్త్రీలకు, పిల్లలకు అంతకు తక్కువ. దీనికే టెంపులు కూలి యని పేరు వచ్చెను. ఈ కొద్దిపాటి కూలికి ఎండలో, నీడయు విశ్రాంతియు లేక, దినమెల్ల కాయకష్టము.

దీని నెదిరించినవాడు ప్రభుత్వోద్యోగియే యగుట విశేషము. మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖకు కమీషనరుగా నుండిన డాక్టరు కార్నిషు, కష్టపడి పనిచేయువానికి ఒకటిన్నర పౌను ధాన్యమునకు తక్కువ కాకుండను, దానితో పప్పు, కూర మొదలగునవియు ఉండవలయునని వాదించెను. ఒక పౌనుతో మనుష్యుడు కదలక పండుకొనియున్న బ్రదుకవచ్చునేమో గాని, మట్టి మోసి బ్రదుకజాలడనుట ఆయన వాదముయొక్క సారము. ఆయన ఊరక జాలిపడలేదు. మకాములకు బోయి చూచి, దేహముల స్థితిని గుఱించి, చావులను గుఱించి వ్రాసిపెట్టి, ఆ వ్రాతను ప్రభుత్వము ముందుంచెను. మద్రాసు ప్రభుత్వము వారు 1877లోనే కొన్ని నెలలకు మెత్తబడి, కూలిని ఒకటింబాతిక పౌను ధాన్యమునకును, కొంచెము పప్పునకును సరిపోవునట్లు పెంచిరి. అడిగినంత రాలేదు, కాని వచ్చినది వ్రాతవలన వచ్చినది.

బొంబాయి రాజధానిలో మఱియొక విధముగ జరిగెను. కూలి తగ్గించుటతోడనే వేలకొలది కఱవు కూలీలు పనులు మానివేసిరి. ఆకలిగొన్నవాడు పని మానుట యనగా ప్రాణముమీది ఆశ మానుట! పూనా సార్వజనిక సభవారు వారి పక్షమున ప్రభుత్వమునకు మహజరులు పంపిరి. చెన్నపట్టణమున ‘మద్రాసు టైమ్సు’ పత్రికకు సంపాదకుడగు విలియం డిగ్బీ ఆ కఱవు చరిత్రను 1878లో రెండు సంపుటములుగ ప్రకటించెను. వైద్యుని లెక్కయు, సభవారి మహజరును, పత్రికాకర్త గ్రంథమును లేకున్నచో ఆ మకాములలో నేమి జరిగెనో నేడు మన కెవరు చెప్పగలరు?

నేతగాని చేతులు

ఇచ్చట మన వృత్తిని గుఱించి ఒక మాట చెప్పుట అవసరము. కఱవు వచ్చినప్పుడు లోకులు మొదట మానునది గుడ్డ కొనుట. సేద్యగాడు పైరు ఎండినపిమ్మట ఆకలికి లోనగును. నేతగాడు ధాన్యపు ధర పెరిగిన నాడే లోనగును. మగ్గమున్నను నూలు కొనుటకు రొక్కముండదు. నేసిన చీర కొనువాడుండడు. అప్పుడు వానికి మిగిలినది కంకరకుప్పయే.

మగ్గపుగుంటలో నీడపట్టున కూర్చుండి పనిచేసిన దేహము, మిట్టమధ్యాహ్నపు టెండలో సమ్మెట యెత్తజాలదు. కొలతప్రకారము పనిజరుగనందున వాని కూలి తగ్గును. అంతేకాదు. నేతగానికి వ్రేళ్లకొనల మెత్తదనమే మూలధనము. తెగిన పోగును చీకటిలోనైన ముడివేయగల ఆ వ్రేళ్లు కాయలు గాచి, చితికి, మొద్దుబాఱినచో, వానలు కురిసి కఱవు తీఱిన పిమ్మట గూడ వాడు మునుపటి నేతగాడు కాలేడు. రాతిపెళ్ల కంటదగిలినచో నిక జెప్పనక్కఱయే లేదు. అతడు కఱవునుండి బ్రదికి బయటపడియు వృత్తిలో మరణించినవాడగును. ప్రాణరక్షణ మన్నంతమాత్రమున చాలదు. వాని జీవనాధారముగూడ చెడకుండ చూచుట రక్షణములోనిదే.

ఈ సంగతిని పాలకులును ఆలస్యముగ గుర్తించిరి. తరువాతి కఱవులలో మద్రాసు రాజధానియందు నేతగాండ్రకు వారి వృత్తిలోనే పనిచ్చి, నూలు నొసగి, నేసిన బట్టను తీసికొని పోషించు పద్ధతి అమలునకు వచ్చెను. దీనివలన మన కులములవారెందఱో మగ్గము విడువక నిలిచిరి.

ఆదేశములే గాని అధికారము కాదు

1878లో సర్ రిచర్డు స్ట్రేచీ అధ్యక్షుడుగ నియమింపబడిన క్షామ విచారణ సంఘము 1880లో తన నివేదిక నొసగెను. దాని ననుసరించి 1883 మొదలుకొని రాజధానులన్నిటికిని కఱవు నిబంధనల గ్రంథము లేర్పడెను. పనివారిని సత్తువనుబట్టి తరగతులుగ విభజించుట, త్రాగునీటిని కాపాడుట, మకాములను శుభ్రముగ నుంచుట, పనియొద్ద వైద్యమును ఏర్పఱచుట, పనిచేయలేని పిల్లలకును వృద్ధులకును ఆహార మిచ్చుట మున్నగునవి వానిలో జేరెను. ధాత కఱవులో ప్రాణములిచ్చినవారు వ్రాయించిన గ్రంథములివి యనవచ్చును.

అయినను వానిలో నొక పెద్ద లోపముండెను. అవి అధికారుల కిచ్చిన ఆదేశములే కాని చట్టము గావు. నీరు చెడినదైనచో, వైద్యుడు రాకున్నచో, ఆ గ్రంథము చూపి కూలివాడు న్యాయస్థానమున కెక్కజాలడు. వాడు సహాయము పొందువాడు గాని హక్కుగలవాడు గాడు. కూలివాడా, యాచకుడా యను నీ సందియమే తరువాతి చరిత్రమునంతయు నడపినది.

1923లో పనివారల నష్టపరిహార చట్టము వచ్చెను. పనిలో గాయపడినవానికి, మృతుని కుటుంబమునకు యజమాని ధనమీయవలయునని అది శాసించెను. కాని తాత్కాలికపు పనిలో, యజమాని వ్యాపారమునకు సంబంధింపని పనిలో నుండువాడు దాని నిర్వచనమునుండి తొలగింపబడెను. 1930లో అంతర్జాతీయ కార్మిక సంస్థవారు నిర్బంధ శ్రమను గూర్చి యొక ఒడంబడిక చేసిరి. నిర్బంధముగ పనిచేయింపబడువారికిని తక్కిన కార్మికులతో సమముగ ప్రమాద నష్టపరిహారము కలుగవలయుననియు, వారి ఆరోగ్యమును కాపాడవలయుననియు అందు స్పష్టముగ వ్రాసిరి. ఇంత మంచి ఒడంబడికలోగూడ కఱవు మొదలగు నుపద్రవములలో చేయించు పని నిర్బంధ శ్రమగ నెంచబడదని యొక మినహాయింపు గలదు. భారతదేశము 1954లో దీని నంగీకరించెను. ఆకలికాలపు కూలివాడు మరల గుమ్మముకడనే నిలిచెను.

రాజస్థానపు తీర్పు

స్వతంత్ర భారతమున రాజ్యాంగము 23వ అధికరణముచే వెట్టిని నిషేధించెను. అయినను 1964లో రాజస్థాన రాష్ట్రము, కఱవు పనులలోనివారికి కార్మిక చట్టములు వర్తింపకుండ ఒక చట్టము చేసెను. అజమీరు జిల్లాలో మదనగంజి–హర్మారా బాటపని కఱవుపనిగా జరిగినప్పుడు పనివారిలో అనేకులకు, ముఖ్యముగ స్త్రీలకు, కనీసపు కూలియగు దినమునకు 7 రూపాయలైనను ముట్టలేదు. ఈ వ్యాజ్యము సుప్రీముకోర్టునకు బోయెను. 1983లో న్యాయమూర్తులు భగవతి, పాఠక్ గారలు తీర్పు చెప్పుచు, కఱవువాత బడిన వాడైనను పనిచేసినపుడు కనీసపు కూలికి అర్హుడేయనియు, దానికి తక్కువయిచ్చు మినహాయింపు చెల్లదనియు నిర్ణయించిరి. ఆకలియు దారిద్ర్యమును మనుష్యుని తక్కువ కూలికి లోబఱచినచో అదియు బలవంతమేయని అంతకు ముందటి యేడు 1982లోనే భగవతిగారు మఱియొక తీర్పున జెప్పియుండిరి.

ఈ రెండు తీర్పులు ఒక శతాబ్దపు వాదమును తలక్రిందు చేసెను. ధాత కఱవునాడు ‘సహాయము పొందుచున్నాడు గనుక తక్కువ చాలును’ అనిరి. ఇప్పుడు ‘పని చేయుచున్నాడు గనుక కార్మికుడే’ యని తేలెను.

బండ్లపల్లి

2005లో పార్లమెంటు గ్రామీణ ఉపాధి హామీ చట్టమును చేసెను. 2006 ఫిబ్రవరి 2వ తేదీన నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారు దానిని అనంతపురము జిల్లా బండ్లపల్లి గ్రామమున ప్రారంభించిరి. అనంతపురము 1882లో బళ్లారి జిల్లానుండి విడదీయబడినది. అనగా ధాత కఱవు చెలరేగిన సీమలోనే ఈ క్రొత్త పద్ధతి ఆరంభమయ్యెనన్నమాట.

రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. నాడు పది మైళ్లకావల పని; 2005 చట్టమున ఐదు కిలోమీటర్ల లోపల పని, దాటినచో కూలి నూటికి పది హెచ్చు. నాడు అధికారి దయదలచిననే పని. ఈ చట్టమున అడిగిన పదునైదు దినములలో పని, లేనిచో నిరుద్యోగ భృతి. పనిలో గాయపడినచో ఖర్చులేని వైద్యము. ఆసుపత్రిలో నుండవలసివచ్చినచో వసతి, మందులు, దినకూలిలో సగమునకు తక్కువగాని భత్యము. మరణించినను, శాశ్వతముగ అంగవైకల్యము గలిగినను 25,000 రూపాయలు, లేదా కేంద్రప్రభుత్వము ప్రకటించు మొత్తము. పనియొద్ద మంచినీరు, పిల్లలకును విశ్రాంతివేళలకును నీడ, ప్రథమచికిత్సపెట్టె. ఆఱేండ్లలోపు పిల్లలు ఐదుగురున్నచో వారిని చూచుట కొక స్త్రీ. కార్నిషు డాక్టరు పోరాడి పొందలేకపోయినదంతయు నిచ్చట వ్రాతలో నెక్కినది. ఆసరా పోయి హక్కు వచ్చినది.

నీడ

ఇంతటితో కథ మంగళాంతమని ముగింపవచ్చును. కాని సత్యము వేఱు. 2019 ఏప్రిలు 10వ తేదీన నారాయణపేట జిల్లా తీలేరు గ్రామమున ఉపాధిపనికి బోయిన స్త్రీలు మట్టిదిబ్బ నీడను విశ్రమించుచుండగా ఆ దిబ్బ విఱిగిపడి పదిమంది మరణించిరి. మన ప్రాంతపు తల్లులు, కోడండ్రు వారు. చట్టమున నీడ అను మాట గలదు. ఎండలో అలసినవారికి నీడగా దొరకినది మాత్రము ఆ మట్టిదిబ్బ.

ఇది మన దేశమునకే పరిమితమైన విషయము గాదు. ధనవంతమగు ఆస్ట్రేలియాలో నిరుద్యోగ భృతి పొందువారు నియమింపబడిన చోట పనిచేయవలయునను పద్ధతి క్రింద 2016లో టూవూంబా అను పట్టణమున 18 ఏండ్ల బాలుడొకడు ట్రాక్టరు లాగు బండిపైనుండి పడి చనిపోయెను. అమెరికాలో 1997లో కార్మికశాఖవారు, సహాయధనముకొఱకు పనిచేయువారికిని కార్మికరక్షణ చట్టములు తక్కినవారికివలెనే వర్తించునని ప్రత్యేకముగ ప్రకటింపవలసివచ్చెను. ప్రకటింపవలసివచ్చెననగా, వర్తింపవని తలచువారుండిరనుట స్పష్టము.

మన కర్తవ్యము

సోదరులారా! ఈ చరిత్రమునుండి మేము గ్రహించినది యొక్కటే. రక్షణము దయవలన రాలేదు, దయవలన నిలువదు. ఆండోవరు ఎముకలు మొదలుకొని రాజస్థానపు బాటవఱకు, చూచినవాడు వ్రాసిపెట్టినప్పుడు, వ్రాసినదానిని పట్టుకొని మఱియొకడు అడిగినప్పుడు మాత్రమే వచ్చినది. చట్టముల పేళ్లు మాఱవచ్చును, దినముల సంఖ్యలు మాఱవచ్చును. గట్టు కూలకుండ చూచు కన్ను మాత్రము ఊరిలోనే యుండవలయును.

మన సంఘమున సర్పంచులున్నారు, గుత్తేదారులున్నారు, ఉపాధ్యాయులున్నారు, వైద్యులున్నారు. మగ్గము విడిచి పార పట్టినవారును వేలకొలదిగ నున్నారు. మొదటివారు రెండవవారిని మఱువకుందురు గాక. సత్రములు కట్టించు పోషకులు, తమ ఊరి పనియొద్ద నీడపందిరియు, మంచినీటికుండయు, మందులపెట్టెయు నున్నవో లేవో యొకపూట పోయి చూచినచో అదియు దానమే. గట్టును క్రింద త్రవ్వి పైమట్టిని పడగొట్టు తొందరపనిని మేస్త్రీ చేయించుచున్నచో వలదని చెప్పగల చదువరి ఊరికొక్కడున్నను చాలును. గాయపడినవాని పేరు, దినము, స్థలము వ్రాసియుంచుట ప్రతి శాఖాసంఘమును తన ధర్మముగ నెంచవలయును. వ్రాయబడని గాయము ఎవరికిని తగలని గాయమే.

బకింగుహాము కాలువ త్రవ్వినవారి పేళ్లు మనకు దెలియవు. ఇకమీద గట్టుక్రింద బడువారి పేళ్లైనను తెలియవలయును. అంతకంటె మేలు, ఎవరును పడకుండుటయే. సంఘీయులు ఈ విషయమును మహాసభయందు ఆలోచింతురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.